పారిపోవాల్సిన గాలి, దాక్కోవాల్సిన గాలి

(దివిసీమ ఉప్పెన మృతుల సంస్మరణ సభలో నవంబరు 19 సాయంత్రం చేసిన స్మారకోపన్యాసం పాఠం)

ముందు వరుసలో నా పాత శిష్యులు బుద్ధిగా కూర్చున్నారు. వీళ్ళు కాలేజీలో ఉన్నప్పుడు ఎప్పుడూ ముందు వరుసలో కూర్చోలేదు. ఇన్నాళ్ళకు కూర్చున్నారు, సంతోషం.

ఈ సభలో ఏటా ఎవరో ఒకరు తుపాను గురించి మాట్లాడతారు. అది న్యాయమే. ఈసారి నన్ను పిలిచినప్పుడు టోర్నడో గురించి మాట్లాడతానన్నాను. ఫోన్లో అటువైపు కాసేపు చప్పుడు లేదు. ఆఖరికి "మాస్టారూ, మనకు టోర్నడోలు రావు కదండీ" అన్నారు. మనకు రావు, దాదాపుగా. కానీ అవి వచ్చే చోటికి మన పిల్లలు వెళ్ళారు. కొడుకో కూతురో డాలస్‌లోనో, కాన్సస్ సిటీలోనో, సెయింట్ లూయిస్‌లోనో, అట్లాంటాలోనో ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి అంటే ఈ హాల్లో ఎన్ని చేతులు లేస్తాయో లెక్కపెట్టాల్సిన పనిలేదు. ఉప్పెన చూసిన ఊళ్ళ పిల్లలు ఇప్పుడు వేరే గాలి కింద కాపురాలు పెట్టారు. ఆ గాలికి మన పాత జ్ఞానం పనికిరాదు. పనికిరాకపోవడమే కాదు, ఒక్కోసారి ప్రాణం తీస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

1977లో నాకు పదిహేడేళ్ళు. బందరులో ఇంటర్ చదువుతున్నాను. ఉప్పెన రోజున గాలివాన వస్తుందని అందరికీ తెలుసు. గాలివాన మనకు కొత్తా? తలుపులు బిగించుకున్నారు, గొడ్లను కట్టేశారు, దీపం చిన్నది చేసి కూర్చున్నారు. గాలి వస్తుందనుకున్నారు గాని, సముద్రం ఇంట్లోకి వస్తుందని అనుకోలేదు. పదివేల మందికి పైగా పోయారు. వారం తర్వాత మేం కొందరం కుర్రాళ్ళం బియ్యం బస్తాలతో అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు వెళ్ళాం. ఒక తుమ్మచెట్టు చిటారు కొమ్మకు చంటిపిల్ల గౌను చిక్కుకుని ఉంది. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఆ గౌను చూస్తే తెలిసింది. ఆ తుమ్మముళ్ళనే పట్టుకుని బతికినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ అరచేతులు నేను చూశాను.

అప్పటినుంచి మనం ఒక పాఠం వంటబట్టించుకున్నాం. తుపాను అంటే ఇల్లు వదిలెయ్యాలి. సామాను చూసుకోకూడదు, గట్టి చోటికి పోవాలి. ఇప్పుడు తీరమంతా తుపాను షెల్టర్లున్నాయి, మచిలీపట్నంలో, విశాఖలో డాప్లర్ రాడార్లున్నాయి, రెండు మూడు రోజుల ముందే కబురు వస్తోంది. ఈ పాఠం నాకు ఎంతగా పట్టిందంటే, మూడేళ్ళ క్రితం డాలస్ శివారులో మా అమ్మాయి ఇంట్లో దాని వల్లే నవ్వులపాలయ్యాను.

ఏప్రిల్ నెల. సాయంత్రం ఏడు కావస్తోంది. ఆకాశం పసుపూ ఆకుపచ్చా కలిసిన ఒక వికారమైన రంగులో ఉంది. ఉన్నట్టుండి ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి అరిచాయి. మామూలు రింగు కాదది, గోడమీది బల్లి కూడా కిందపడేలాంటి మోత. బయట సైరన్. నేను లేచి "కారు తియ్యవయ్యా, పోదాం పదండి" అన్నాను అల్లుడితో. మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. నా చెయ్యి పట్టుకుని "తాతయ్యా, బయటికి కాదు, లోపలికి" అంది. మెట్ల కింద సామాన్ల గది ఒకటి ఉంది వాళ్ళకు. మూడడుగుల వెడల్పు, కిటికీ లేదు. సూట్‌కేసులు, దీపావళికి వాడే ప్లాస్టిక్ తోరణాలు, నేను మోసుకెళ్ళిన ఆవకాయ జాడీలు అన్నీ అందులోనే. ఆ పిల్ల సైకిలు హెల్మెట్ పెట్టుకుని, నా కాళ్ళ దగ్గర నా బూట్లు పడేసి, "వేసుకో" అంది. ఇంట్లో బూట్లేమిటి అన్నాను. "రేపు నేల మీద గాజు పెంకులుంటే ఎలా నడుస్తావు?" అంది. వాళ్ళ బళ్ళో ఏడాదికి ఇన్నిసార్లని ఇది చేయిస్తారట. నలుగురం ఆవకాయ వాసనలో ముప్పావు గంట కూర్చున్నాం. టోర్నడో మా వైపు రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఫిజిక్స్ చెప్పిన నాకు ఆ గదిలో ఒక్కటే సిగ్గుగా అనిపించింది: గాలి ఎలా తిరుగుతుందో నాకు తెలుసు, ఎక్కడ కూర్చోవాలో మాత్రం మూడో తరగతి పిల్లకు తెలుసు.

ఇంతకీ గాలి ఎలా తిరుగుతుంది? చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నం దుమ్మూ ఎండుటాకులూ ఎత్తుకుంటూ సుడిగాలి వస్తే మా నాయనమ్మ అందులో దయ్యం ఉందనేది. అది నేల వేడెక్కి లేచిన గాలి, పైన మబ్బు ఉండదు, కాసేపటికి చచ్చిపోతుంది. టోర్నడో అది కాదు. తుపానూ కాదు. తుపాను వందల కిలోమీటర్ల మేర ఉండి రోజులకొద్దీ బతుకుతుంది. టోర్నడో చాలాసార్లు కొన్ని వందల మీటర్ల వెడల్పు కూడా ఉండదు, పది నిమిషాల్లో పోతుంది. ఉరుములమబ్బు నుంచి నేలదాకా దిగిన గాలి స్తంభం అది.

అమెరికా మధ్య మైదానాల మీద వసంతకాలంలో మూడు గాలులు కలుస్తాయి. దక్షిణాన మెక్సికో సింధుశాఖ నుంచి నేలకు ఆనుకుని వెచ్చటి తడిగాలి. దాని మీద, నైరుతి వైపు ఎత్తు నేలల నుంచి పొడిగాలి. ఇంకా పైన, పడమటి నుంచి చల్లగా వేగంగా ఇంకో గాలి. తడిగాలి పైకి లేవాలని చూస్తుంటే పొడిగాలి కుక్కర్ మూతలా నొక్కి పెడుతుంది. మధ్యాహ్నం దాకా ఆ మూత నిలిచి, అప్పుడు ఊడిందంటే మబ్బు గంటలో పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది.

ఇక తిరగడం సంగతి. మా అమ్మ కార్తీకమాసంలో దూదిని అరచేతుల మధ్య పెట్టి వత్తులు చేసేది. కింది చెయ్యి కదలదు, పై చెయ్యి ముందుకు పోతుంది, మధ్యలో దూది దొర్లుతుంది. నేల దగ్గర గాలి నెమ్మది, పైన గాలి జోరు. మధ్యనున్న గాలి అలాగే వత్తిలా దొర్లుతుంది, నేలకు అడ్డంగా పడుకుని. కంటికి కనపడదు. మూత ఊడి పైకి ఎగిసిన తడిగాలి ఆ వత్తిని నడుం పట్టుకుని లేపి నిలబెడుతుంది. అప్పుడు మబ్బుకు మబ్బే తిరగడం మొదలెడుతుంది. దాన్ని సూపర్‌సెల్ అంటారు. కొన్ని కిలోమీటర్ల వెడల్పున నిదానంగా తిరిగే ఆ సుడి, నేల దగ్గర ఇరుకైపోతే వేగం హెచ్చుతుంది. ముందు వరుసవాళ్ళకు గుర్తుండాలి, తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి రెండు చేతుల్లో ఇనప గుండ్లు పెట్టి, చేతులు దగ్గరికి లాక్కోమనేవాణ్ని. ఒకడు కుర్చీతో సహా పడ్డాడు కూడా. వాడే ఇప్పుడు మన సభాధ్యక్షుడు. టోర్నడోలో జరిగేది ఆ చేతులు లాక్కోవడమే. 1999 మే 3న ఓక్లహోమాలో మూర్ పట్టణం దగ్గర రాడార్ కొలిచిన గాలి గంటకు 480 కిలోమీటర్ల పైచిలుకు.

అయితే తిరిగే మబ్బులన్నీ టోర్నడోను దించవు. చాలావాటికి ఏమీ పుట్టదు. రెండు మబ్బులు పక్కపక్కన, ఒకే పోలిక; ఒకటి దించుతుంది, ఒకటి దించదు. ఎందుకన్నది శాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చలేదు. అందుకే అక్కడి హెచ్చరికల్లో చాలా భాగం ఉత్తవి అవుతాయి. జనం వాటిని లెక్కచెయ్యకపోవడానికి మొదటి కారణం అదే.

భాగవతం చదువుకున్నవాళ్ళకు తృణావర్తుడు గుర్తుకొచ్చి ఉంటాడు. కంసుడు పంపిన రాక్షసుడు, సుడిగాలి రూపంలో వచ్చి పసివాణ్ని ఎత్తుకుపోయాడు. కృష్ణుడు బరువెక్కి వాణ్ని కిందికి దించాడు. మనం అలా బరువెక్కలేం. కాబట్టి వేరే దారి చూసుకోవాలి.

ఆ దారి చూపినవాళ్ళలో ఒకరి గురించి ఈ తేదీన తప్పక చెప్పాలి. తెత్సుయా ఫుజీతా, జపాన్‌లో పుట్టిన వాతావరణ శాస్త్రవేత్త. 1945 ఆగస్టు 9న అణుబాంబు విమానం ముందు వెళ్ళింది కొకురా మీదికి. మబ్బూ పొగా కప్పి ఊరు కనపడలేదు. విమానం నాగసాకికి మళ్ళింది. కొకురా పక్కనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫుజీతా పాఠాలు చెబుతున్నాడు; అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. తర్వాత నాగసాకి వెళ్ళి చూశాడు. శ్మశానంలో సమాధుల ముందు పూలు పెట్టే వెదురు గొట్టాలుంటాయి. అవి ఏ పక్కన, ఎక్కడిదాకా మాడాయో కొలిచి, బాంబు ఎంత ఎత్తున పేలిందో లెక్కగట్టాడు. శిథిలాన్ని చదవడం ఆయన అక్కడ నేర్చాడు.

1953లో షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. టోర్నడో లోపల గాలిని కొలిచే పరికరం ఏదీ నిలబడదు, కాబట్టి ఇళ్ళను చూసి గాలిని అంచనా కట్టాడు. మెతుకు పట్టి అన్నం చూసినట్టు. పెంకులు లేచాయా, పైకప్పు పోయిందా, గోడలు పోయాయా, పునాది ఒక్కటే మిగిలిందా? 1971లో ఆయన ఇచ్చిన ఎఫ్0 నుంచి ఎఫ్5 దాకా కొలమానం ఇదే. 2007 నుంచి అమెరికాలో దాన్ని సవరించి ఈఎఫ్ అంటున్నారు. 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో 13 రాష్ట్రాల్లో 148 టోర్నడోలు పడి మూడువందల మందికి పైగా పోయినప్పుడు, విమానంలోంచి కింద చూస్తూ ఆయన ఒక వింత గమనించాడు. కొన్నిచోట్ల చెట్లు సుడిలా కాక, ఒక నడిబొడ్డు నుంచి అన్నివైపులకూ బయటికి పడి ఉన్నాయి. అచ్చం నాగసాకిలో చూసినట్టు. మబ్బు నుంచి దిగిన గాలి నేలను ఢీకొని చిమ్ముతుందని, కొన్ని విమానాలను కూల్చేది అదేనని ఆయన వాదించాడు. మొదట్లో తోటివాళ్ళు కొట్టిపారేశారు. ఇవాళ విమానాశ్రయాల్లో ఆ గాలిని పసిగట్టే రాడార్లున్నాయి.

ఇంత చేసిన మనిషి కళ్ళారా మొదటి టోర్నడోను చూసింది 1982లో, అరవై దాటాక. 1998 నవంబరు 19న పోయాడు. మన తేదీయే. ఇందులో అంతరార్థాలు వెతకను, నేను ఫిజిక్స్ మాస్టార్ని. కానీ ఈ తేదీన ఆయన పేరు ఈ హాల్లో ఒకసారి వినపడాలనిపించింది.

టోర్నడో అనే మాటను అమెరికా వాతావరణ శాఖ చాలా ఏళ్ళు తన సూచనల్లో వాడనిచ్చేది కాదు. చెబితే జనం బెంబేలెత్తుతారని. మనకూ తెలిసిన వాదనే ఇది. 1948 మార్చి 20న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరం మీద టోర్నడో పడింది. ముందే ఎందుకు చెప్పలేదని అధికారుల మీద విచారణ. ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు వైమానిక దళ అధికారులు పాత వాతావరణ పటాలు తిరగేసి కూర్చున్నారు. అయిదు రోజులకు, మార్చి 25న, అవే గాలులు, అదే పటం. ఒకే చోట వారంలో రెండుసార్లా? చెప్పి తప్పితే పరువు పోతుంది. చెప్పారు. విమానాలను కట్టేశారు, మనుషుల్ని లోపలికి పంపారు. సాయంత్రం ఆరు గంటలకు టోర్నడో అదే స్థావరం మీద పడింది. అప్పటినుంచే ఆ మాట మీద కప్పిన మూత తొలగడం మొదలైంది.

మరి చెబితే సరిపోతుందా? 2011 మే 22, ఆదివారం, మిస్సోరీలో జాప్లిన్. మొదటి సైరన్ మోగినప్పటికి ఊరి అంచున టోర్నడో నేల తాకడానికి ఇరవై నిమిషాల పైన టైముంది. అయినా 160 మంది దాకా పోయారు. తర్వాత విచారించినవాళ్ళకు తేలిందేమిటంటే, చాలామంది సైరన్ విన్నారు; విని, ఇంకో ఆధారం కోసం ఆగారు. కొందరు టీవీ పెట్టారు, కొందరు వాకిట్లోకి వచ్చి ఆకాశం చూశారు. అంతకుముందు ఎన్నోసార్లు సైరన్ మోగింది, ఏమీ కాలేదు మరి. దీపం చిన్నది చేసుకుని కూర్చున్న మన దివిసీమ జనం నాకు అక్కడ కనపడ్డారు.

అక్కడి హెచ్చరికలు రెండు రకాలు. వాచ్, వార్నింగ్. వాచ్ అంటే మగపెళ్ళివారు బయల్దేరారని కబురు: ఎప్పుడొస్తారో తెలీదు, గది ఖాళీ చేసి ఉంచుకో, ఫోను ఛార్జింగ్ పెట్టుకో. వార్నింగ్ అంటే గుమ్మంలో చెప్పుల చప్పుడు. ఇక కిటికీలోంచి తొంగిచూడ్డం లేదు, వీడియో తియ్యడం అసలే లేదు. బాల్కనీలో నిలబడి టోర్నడోను తీసి ఊళ్ళోవాళ్ళకు వాట్సాప్‌లో పంపే మన కుర్రాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వార్నింగ్ తర్వాత దొరికేది సగటున పది నిమిషాలు, అటూ ఇటూ.

ఆ పది నిమిషాల్లో ఎక్కడికి? కిందికి, లోపలికి. నేలమాళిగ ఉంటే అందులోకి. టెక్సస్ ఇళ్ళకు సాధారణంగా అది ఉండదు. అప్పుడు అట్టడుగు అంతస్తులో, బయటి గోడలకు దూరంగా, కిటికీ లేని చిన్న గది: స్నానాలగది, బట్టల గది, మెట్ల కింద. చిన్న గదే ఎందుకంటే గోడలు దగ్గర దగ్గరగా ఉంటే కప్పు కూలడం తక్కువ. టోర్నడోలో మనిషి చావు చాలావరకు గాలి వల్ల కాదు, గాలి విసిరే చెక్కముక్క వల్ల. అందుకే తల మీద హెల్మెట్, మీద పరుపో దుప్పటో. మూడో అంతస్తు అపార్ట్‌మెంటులో నలుగురేసి అద్దెకుండే మన విద్యార్థుల సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. కింది ఇంటివాళ్ళతో ముందే పరిచయం చేసుకోండి నాయనా, ఆ రాత్రి తలుపు తట్టడానికి మొహమాటపడకుండా. చక్రాల మీద తెచ్చి దించిన మొబైల్ ఇళ్ళలో ఉంటే మాత్రం వాచ్ వచ్చినప్పుడే గట్టి కట్టడంలోకి వెళ్ళిపోవాలి. సూపర్‌బజారు లాంటి పెద్ద కప్పుల హాళ్ళు చూడ్డానికి గట్టిగా ఉంటాయి, పడితే గోడలతో సహా పడతాయి. అక్కడ చిక్కుకుంటే టాయిలెట్లలోకి పోవడం మేలు.

కారు? ఇక్కడే మన పాఠం తిరగబడుతుంది. 2015 డిసెంబరు 26, డాలస్ పక్కన గార్లండ్. జార్జ్ బుష్ టర్న్‌పైక్, ఐ-30 కలిసే చోటు మన డాలస్ తెలుగువాళ్ళందరికీ చేతిగీతలంత తెలుసు. ఆ సాయంత్రం ఈఎఫ్4 టోర్నడో ఆ రోడ్లను దాటింది. ఆ టోర్నడోకు పదిమంది పోయారు; అందులో తొమ్మిదిమంది వాహనాల్లో ఉన్నవాళ్ళే. ఫ్లైఓవర్ కిందికి దూరితే బతకొచ్చని ఒక నమ్మకం ఉంది. 1991లో కాన్సస్‌లో కొందరు అలా బతికిన వీడియో ఒకటి టీవీల్లో తిరిగి, ఆ నమ్మకం స్థిరపడింది. 1999 మూర్ టోర్నడో రోజున అలా దూరినవాళ్ళలో కొందరు పోయారు. ఇరుకు సందులో గాలి జోరు హెచ్చుతుంది, అంతే. కిటికీలు తెరిస్తే ఇల్లు పేలకుండా ఉంటుందన్నది కూడా అబద్ధమే. గాలిని లోపలికి పిలిచినట్టవుతుంది.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. ప్రపంచంలో ఎక్కువమందిని పొట్టనబెట్టుకున్న టోర్నడో 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లో, మాణిక్‌గంజ్ జిల్లా దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతంలో వచ్చింది. దాదాపు 1,300 మంది. దానికి తడిగాలి అందించింది మన బంగాళాఖాతమే. రేకుల ఇళ్ళు, గాలికి లేచిన ప్రతి రేకూ కత్తి అయింది. 1998 మార్చిలో ఒడిశా, పశ్చిమ బెంగాల్ సరిహద్దున మరొకటి పడింది. 1978లో ఉత్తర ఢిల్లీలో ఒకటి. మన తెలుగు నేల మీద మాత్రం పై గాలికీ కింది గాలికీ అంత తేడా ఉండదు, వత్తి పడదు. అది మన అదృష్టం. గట్టి గాలి వీచిన ప్రతిసారీ టీవీలో "టోర్నడో బీభత్సం" అని అక్షరాలు పరిగెత్తిస్తారే, ఆ మాటకు ఉన్న బరువు అలా పోగొట్టకపోతే బాగుండు. నిజంగా కావలసిన రోజున ఎవరూ నమ్మరు.

ఆఖరుగా ఒక పని చెబుతాను, శిష్యులకు ఇంటిపని అనుకోండి. ఇప్పుడు టైము ఏడు. డాలస్‌లో పొద్దున్న ఏడున్నర. నవంబరులో అమెరికా దక్షిణ రాష్ట్రాలకు టోర్నడోల బెడద మరోసారి పెరుగుతుంది. ఇంటికెళ్ళి మీ పిల్లలకు ఫోన్ చెయ్యండి. అన్నం తిన్నావా అని తర్వాత అడగండి. ముందు, సైరన్ మోగితే మీరు ఏ గదిలో కూర్చుంటారు, బూట్లు ఎక్కడున్నాయి అని అడగండి. "చూద్దాంలే నాన్నా" అంటే ఫోన్ పెట్టెయ్యకండి. వాళ్ళు లేచి ఆ గది తలుపు తీసి, లోపలున్న సూట్‌కేసులు జరిపి, ఇదిగో ఇక్కడ అని చూపించేదాకా వీడియో కాల్లోనే ఉండండి.